మార్చిన సంగతి తెలియనివాడు

"ఇంకోసారి కొట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

టెక్నీషియన్ కొట్టాడు. ఒక్కో అక్షరమే, తడబడకుండా. తెర మీద మళ్ళీ అదే జవాబు. ఈ పాస్‌వర్డ్‌తో తెరుచుకునే తాళంచెవి ఏదీ లేదు.

"పొద్దున్నించీ ఇదే పాట!" ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఈ డిస్కుకి లాక్ వేసింది నువ్వు. పాస్‌వర్డ్ పెట్టించింది నువ్వు. ఇప్పుడు తెరుచుకోవట్లేదంటున్నదీ నువ్వే. అక్కడ ఆసుపత్రిలో ఒక ఆడమనిషి పొట్టలో కత్తిపోటుతో పడుంది. ఆమె ఎక్కడుంటోందో రాసున్న చోటు ఇదొక్కటే. నీ కంటికి నేను పిచ్చోడిలా కనబడుతున్నానా?"

"నేను అబద్ధం చెప్పట్లేదు సార్."

"అబద్ధాలకోరు చెప్పే మొదటి మాట అదే."

గుమ్మంలో నిలబడి వింటున్న డిటెక్టివ్ అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. యాభై దాటిన మనిషి. పోలీసుశాఖ వేలిముద్రల విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసి, పై అధికారితో పడక రాజీనామా ఇచ్చి, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటోంది. ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఉద్యోగం కొత్తలో ముద్రలు తీయడం నేర్పింది ఆమే. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తదు. అతనెన్నడూ మరిచిపోడు. ఇద్దరికీ మధ్య పేచీ అంతా అక్కడే ఉంది.

"రండక్కగారూ, మీరే తక్కువయ్యారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పౌడరు డబ్బా, బ్రష్షూ తెచ్చుకున్నారా? ఇది వేలిముద్రలు పడే దొంగతనం కాదు."

"మనిషి చేసిన పనికి ముద్ర పడకుండా ఉండదు తమ్ముడూ. ఎక్కడ పడిందో వెతుక్కోవాలంతే. వార్డెన్ పిలిచింది, వచ్చాను."

వార్డెన్ బీరువాకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మొగుళ్ళ దెబ్బలకి తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకి నీడనిచ్చే షెల్టర్ అది. వచ్చినవాళ్ళని కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి, ఆ తరవాత ఎవరికీ తెలియని చోట గది చూసి, పని చూసి, వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళని నిలబెడతారు. ఎవరు ఎక్కడున్నారన్నది ఈ ఆఫీసుగదిలోని లైనక్స్ కంప్యూటర్లో, లాక్ వేసిన డిస్కులో మాత్రమే ఉంటుంది. దాని బాగోగులు చూసే టెక్నీషియన్ వార్డెన్‌కి సొంత తమ్ముడు.

నిన్న సాయంత్రం, కుట్టుపని చేసుకుని బతికే ఒకామె గది తలుపు ఎవరో తట్టారు. తీయగానే ఎదురుగా మొగుడు. వాడు పోలీసులకి దొరికాడు. ఎవరో ఫోన్ చేసి అడ్రసు చెప్పారంటాడు. ఎవరంటే తెలీదంటాడు. ఆ మాట విన్న వెంటనే వార్డెన్ డిస్కు తెరవబోయింది. తెరుచుకోలేదు. పోలీసులకి ఆమె తమ్ముడి మీద అనుమానం పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

"సార్," కిటికీ పక్కనుంచి మెత్తటి గొంతు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన కానిస్టేబుల్. సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నాడు. కంప్యూటర్ కేసులన్నీ అతనే చూస్తాడు కాబట్టి స్టేషన్లో అందరూ సైబర్ అనే పిలుస్తారు. "డిస్కు చచ్చిపోయినట్టుంది సార్. ఇక్కడ కుస్తీలు పడితే ఉన్నది కూడా పోతుంది. ల్యాబ్‌కి పట్టుకుపోతే మంచిది."

"చచ్చిందో బతికుందో నాడి చూస్తే పోలా?" డిటెక్టివ్ టెక్నీషియన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "బాబూ, కోపం తెచ్చుకోకు. కీబోర్డు సరిగ్గా ఉందా?"

"ముందు అదే చూశాను మేడం. అక్షరాలు కనిపించే చోట పాస్‌వర్డ్ కొట్టి చూశా. ప్రతి అక్షరం సరిగ్గా పడుతోంది."

"డిస్కు?"

"పరీక్ష పెట్టాను. చదవలేని చోటు ఒక్కటి కూడా లేదు. గుండ్రాయిలా ఉంది."

"మరి లాక్ ఎక్కడుంటుంది?"

"డిస్కు మొదట్లో హెడర్ అని చిన్న భాగం ఉంటుంది. సమాచారాన్ని లాక్ చేసే అసలు తాళంచెవి అందులో దాచిపెట్టి ఉంటుంది. మనం కొట్టే పాస్‌వర్డ్ ఆ తాళంచెవిని బయటికి తీయడానికే. హెడర్ పోతే పాస్‌వర్డ్ ఎంత కరెక్టయినా డిస్కు రాయితో సమానం."

"పోయిందా?"

"పోతే ఇది లాక్ వేసిన డిస్కని కంప్యూటర్ గుర్తే పట్టదు. గుర్తుపడుతోంది, పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను కొట్టిందే ఒప్పుకోవట్లేదు."

"అయితే లాక్ బాగానే ఉంది. నీది కాదు, అంతే. దాని మీద ఏం రాసుందో చదువు."

టెక్నీషియన్ ముందు ఆ హెడర్‌ని ఉన్నదున్నట్టు వేరే చోటికి కాపీ చేసుకున్నాడు. "ఎందుకయ్యా ఈ నాన్చుడు?" అని ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "ఏం ముట్టుకున్నా ముందు కాపీ తీయాలి సార్, తేడా వస్తే వెనక్కి రావడానికి," అని టెక్నీషియన్ ఇంకో కమాండ్ కొట్టాడు. తెర మీద వరసలు పరుచుకున్నాయి. అతని చూపు ఒక వరస దగ్గర ఆగిపోయింది.

"సీబీసీ అనుంది," అన్నాడు ఆ వరస మీద వేలు పెట్టి.

"ఉంటే?"

"ఉండకూడదు మేడం. నిరుడు దీన్ని నేనే ఎక్స్‌టీఎస్‌కి మార్చాను."

"మనుషులు మాట్లాడుకునే భాషలో ఏడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండూ లాక్ చేసే పద్ధతులే సార్. సీబీసీలో సమాచారాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కనీ దాని ముందు ముక్కతో ముడేస్తారు, గొలుసులాగా. దాంతో ఒక చిక్కుంది. ఏది ఎక్కడుందో తెలిసినవాడి చేతికి డిస్కు చిక్కితే, వాడికి పాస్‌వర్డ్ తెలియకపోయినా ఒక ముక్కని చెడగొట్టి పక్క ముక్కలో తనక్కావలసిన అక్షరం మార్చేయగలడు. మా అక్క ఇందులో చూసి ఒకామెని తీసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తే, డిస్కు చిక్కినవాడు ముందే ఇంటి నంబరు మార్చేసి ఉంటే ఏం గాను? ఎక్స్‌టీఎస్‌లో ప్రతి ముక్కకీ డిస్కులో అది ఉన్న చోటుతోనే ముడి. కెలికితే ఆ ముక్క చెత్తయిపోతుంది గానీ వాడనుకున్నట్టు మారదు. అందుకని కొత్త తాళంచెవి పుట్టించి, మొత్తం డిస్కంతా తిరగరాశాను."

"పాత హెడరో?" అంది డిటెక్టివ్.

"పని మధ్యలో ఏదైనా తేడా వస్తే కావాలని పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఆ బీరువాలో పెట్టాను."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. "దొరికాడు! పాత హెడర్ ఎక్కడుందో తెలిసినవాడు వీడు. దాన్ని తెచ్చి డిస్కు మీద రాసేశాడు. అక్కగారూ, చిలక్కి చెప్పినట్టు అడిగి మీరే బయటపెట్టించారు, థాంక్స్. లేవరా!"

వార్డెన్ అడ్డంగా వచ్చి తమ్ముడి భుజం పట్టుకుంది. "సార్, మా వాడు అలాంటివాడు కాదు సార్..."

"ప్రతి అక్కకీ తమ్ముడు అలాంటివాడు కాదమ్మా."

"ఆగు," అంది డిటెక్టివ్. గొంతు పెంచలేదు. "బాబూ, పాత పాస్‌వర్డ్ గుర్తుందా?"

టెక్నీషియన్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. అవునంటే తన మెడకి తనే ఉచ్చు తగిలించుకున్నట్టు. "ఉంది. పెద్దమ్మగారు పెట్టింది. మారుస్తున్నప్పుడు నేనే కొట్టాను."

పెద్దమ్మ అంటే షెల్టర్ మొదలుపెట్టిన పెద్దావిడ. పై గదిలో ఉంటుంది. మతిమరుపు ముదిరాక, లాక్ పద్ధతి మార్చినప్పుడే ఆమె పాస్‌వర్డ్ కూడా తీసేశారు.

"కొట్టు. చదవడానికి మాత్రమే తెరువు. రాయనివ్వకు."

కొట్టాడు. క్షణం, రెండు క్షణాలు. తాళం తెరుచుకుంది.

"ఇంకేం కావాలి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లోపల ఏముందో చూడనీ."

టెక్నీషియన్ లోపలి ఫైళ్ళు తెరవబోయాడు. ఇక్కడ ఫైళ్ళే లేవంది కంప్యూటర్. డిస్కు మొదటి భాగాన్ని ఉన్నదున్నట్టు తెర మీదకి తెచ్చాడు. ఒక్క మాట లేదు, ఒక్క అంకె అర్థం కాదు. అంతా చెత్త పోగు.

"తాళం తీసింది పాత చెవి. లోపల లాక్ చేసి ఉన్నది కొత్త చెవితో," అన్నాడు టెక్నీషియన్ మెల్లిగా. "ఇలా తెరిస్తే చెత్తే వస్తుంది. రాకేం చేస్తుంది?"

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "విన్నావా? పాత హెడర్ తెచ్చి దీని మీద రాసినవాడికి తెలిసింది పాత పాస్‌వర్డ్ ఒక్కటే. అలా చేస్తే దాంతోనే అడ్రసులు కనిపిస్తాయనుకున్నాడు. చెత్త వస్తుందని తెలియదు వాడికి. నిరుడు మొత్తం తిరగరాశారన్న సంగతే తెలియదు. ఆ సంగతి ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాడు ఎవడు? ఇదిగో, నువ్వు బండెక్కిస్తానంటున్న ఈ కుర్రాడు. తన చేత్తో పూడ్చిన బావిలోకి తనే చేద వేస్తాడా?"

టెక్నీషియన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. సైబర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"అంటే వాడికి అడ్రసులు దొరకలేదన్నమాటేగా మేడం?" వార్డెన్ ఆశగా అడిగింది.

"ఇందులోంచి దొరకలేదు. కానీ కుట్టుపని ఆమె మొగుడికి దొరికిందిగా? బీరువా చూపించు."

బీరువా తాళం పగల్లేదు. పై అరలో పాత కవరొకటి ఉంది. డిటెక్టివ్ దాన్ని అంచులు పట్టుకుని దించి, వెలుతురుకి ఎత్తింది. లోపల పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. కానీ కవరు బుగ్గలు ఉబ్బి, నాలుగు మూలలా గట్టి ముడతలు పడి ఉన్నాయి. అరచేతంత నలుచదరపు వస్తువేదో చాలాకాలం దాని కడుపులో ఉండి, ఈమధ్యనే బయటికి పోయింది.

"ఇందులో ఇంకేం ఉండేది?"

టెక్నీషియన్ మొహం పాలిపోయింది. "డిస్కు. మార్చకముందు మొత్తం డిస్కుకి తీసిన కాపీ. సీబీసీలోనే ఉంటుంది. పగలగొట్టేద్దామంటే అక్క కొన్నాళ్ళు ఉండనీ అంది. తరవాత ఇద్దరం మరిచిపోయాం."

"దానికి ఈ పాత పాస్‌వర్డ్ పనిచేస్తుందా?"

"బ్రహ్మాండంగా."



"ఇక్కడ చెత్త చూసి ఖంగుతిని, మళ్ళీ బీరువా తెరిచి దాన్ని పట్టుకుపోయాడు," అంది డిటెక్టివ్. "ఆ తొందరలో కొత్త హెడర్ తిరిగి పెట్టే తీరిక లేదు, లేదా పట్టించుకోలేదు. అమ్మా, జాగ్రత్తగా ఆలోచించు. నిరుడు పద్ధతి మార్చకముందు నీ దగ్గరికొచ్చి, ఇప్పటికీ బయట దాక్కుని ఉంటున్నవాళ్ళెవరు? తరవాత వచ్చినవాళ్ళకి భయం లేదు. ముందువాళ్ళ పేర్లు వాడి చేతిలో ఉన్నాయి."

వార్డెన్‌కి డిస్కు అక్కర్లేకపోయింది. "కుట్టుపని ఆమె కాక ముగ్గురు. బేకరీలో చేసే అమ్మాయి, టీచరమ్మ, నర్సు. నర్సు పోయిన నెలే గది మారింది."

ఇన్‌స్పెక్టర్ ఒక్క ఉదుటున కదిలాడు. తప్పు తెలిశాక సాగదీసే మనిషి కాదతను. "ఇప్పుడే ముగ్గుర్నీ స్టేషన్‌కి రప్పిస్తాను. సైబర్! జీపు తీసుకో. స్టేషన్ దగ్గర మహిళా కానిస్టేబుల్‌ని ఎక్కించుకుని వెళ్ళు. వార్డెన్ గారూ, ఇప్పుడున్న అడ్రసులు ఇతనికి రాసివ్వండి."

వార్డెన్ చీటీ రాసిచ్చింది. సైబర్ దాన్ని జేబులో పెట్టుకుని, "మీరేం దిగులు పడకండమ్మా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

వార్డెన్ హ్యాండ్‌బ్యాగులో ఉన్న చిన్న పెన్‌డ్రైవ్‌లో కొత్త హెడర్ కాపీ ఉంది. టెక్నీషియన్ దాన్ని తిరిగి డిస్కు మీద రాశాడు. పొద్దున్నించీ వద్దన్న పాస్‌వర్డ్‌ని డిస్కు నోరు మెదపకుండా ఒప్పుకుంది. అడ్రసులన్నీ చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

"ఏడుపు తరవాత," అంది డిటెక్టివ్. "ఈ కంప్యూటర్ ఎప్పుడెప్పుడు ఆగి మొదలయిందో లెక్క ఉంటుందా?"

ఉంది. గురువారం మధ్యాహ్నం, భోజనాల తరవాత రెండుసార్లు ఆగి మొదలయింది. వార్డెన్ వారానికోసారే డిస్కు తెరుస్తుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"గురువారం నేను కోర్టులో ఉన్నాను, ఒకమ్మాయి కేసు మీద," అంది వార్డెన్. "తమ్ముడు ఊళ్ళో లేడు. ఈ వారం కొత్తగా వచ్చినవాళ్ళెవరూ లేరు, ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే."

"బీరువా తాళాలు?"

"ఒకటి నా దగ్గర. ఇంకోటి..." వార్డెన్ పైకప్పు వైపు చూసింది. "పెద్దమ్మ నడుముకి. అది తీసుకుంటే బాధపడుతుందని ఉంచేశాం."

డిటెక్టివ్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ వెనకాలే వెళ్ళాడు.

పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉన్ని అల్లుకుంటోంది. డిటెక్టివ్‌ని చూడగానే సూదులు పక్కన పెట్టి చెయ్యి చాపింది. "కొత్తగా వచ్చావా తల్లీ? కూర్చో. ఇక్కడికెవడూ రాలేడు. భయపడకు."

డిటెక్టివ్ ఆ చెయ్యి పట్టుకుని కింద కూర్చుంది. "భయం లేదు పెద్దమ్మా. మొన్న మీ దగ్గరికి ఎవరైనా వచ్చారా? కింద కంప్యూటర్ చూడ్డానికి?"

"ఎవరూ రారే తల్లీ ఈమధ్య." ఆమె మొహంలో మబ్బు కమ్మింది. చాలాసేపు వెతుక్కుంది. ఉన్నట్టుండి మబ్బు విడిపోయింది. "పోలీసు అబ్బాయి వచ్చాడుగా! సన్నగా, కళ్ళద్దాలు. ఎంత మెత్తగా మాట్లాడతాడో. నా కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు, నువ్వు కూర్చున్నట్టే. మీ పిల్లల రక్షణ కోసమేనమ్మా అన్నాడు. నా పాస్‌వర్డ్ అడిగాడు. వీళ్ళంతా నాకు మతిపోయిందంటారు, ఏదీ అడగరు. వాడు అడిగాడు. ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. బీరువా తాళాలూ ఇచ్చాను." గర్వంగా నవ్వింది. "బాగా చెప్పానా?"

"బాగా చెప్పారు పెద్దమ్మా," అంది డిటెక్టివ్.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఫోను అప్పటికే చెవి దగ్గర ఉంది. "ఎత్తట్లేదు," అన్నాడు. మళ్ళీ నొక్కాడు, ఈసారి స్టేషన్‌కి. విన్నాడు. విన్నకొద్దీ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"మహిళా కానిస్టేబుల్ గేటు దగ్గరే నిలబడి ఉందట. జీపు అటు రానే లేదు." గోడకి చెయ్యి ఆనించాడు. "అక్కగారూ, వాడి దగ్గర అడ్రసులు ముందే ఉన్నాయిగా. మళ్ళీ మనం ఇచ్చేదాకా ఎందుకాగాడు?"

"ఒకటి లేదు గనక," అంది డిటెక్టివ్ మెట్లు దిగుతూనే. "వాడికి కావలసిన మనిషి పోయిన నెల గది మారింది. పాత డిస్కులో పాత గదే ఉంటుంది. వెళ్ళి చూసుంటాడు, ఖాళీ. అందుకే కుట్టుపని ఆమె మొగుడికి ఫోన్ చేశాడు. ఒకచోట పొగబెడితే మనం కంగారుపడి మిగతావాళ్ళని మనమే కదిలిస్తామని. కదిలించాం. కొత్త అడ్రసు మన చేత్తోనే రాసిచ్చాం."

"ఇచ్చింది నేను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పంపింది నేను."

"తరవాత తిట్టుకుందువు గానీ. నర్సు గదికి దగ్గర్లో నీ మనుషులెవరున్నారో చూడు. నీ పేరు చెప్పి వచ్చినా ఆ జీపుని ఆపమను."

అతను ఫోను నొక్కుతూ వాకిట్లోకి పరుగెత్తాడు.

వార్డెన్ ఫోనులో నర్సు నంబరు వెతుకుతుంటే వేళ్ళు జారిపోతున్నాయి. డిటెక్టివ్ ఫోను లాక్కుని బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా నొక్కింది. చాలాసేపు మోగింది. ఎత్తారు.

"అక్కా?" నర్సు గొంతు గుసగుసలా వచ్చింది. "మీరు పోలీసు జీపు పంపించారా?"

"తలుపు తియ్యొద్దు!" వార్డెన్ అరిచినంత పని చేసింది. "ఎవరొచ్చినా తియ్యొద్దు తల్లీ!"

"తియ్యలేదక్కా. లోపల తాళం వేసుకుని కిటికీ సందులోంచి చూశాను." ఊపిరి ఆగి ఆగి వినిపిస్తోంది. "ఆ దిగినతను మా మరిది. మా ఆయన తమ్ముడు. నేను పారిపోయిన రాత్రి, ఎన్నేళ్ళయినా వెతికి పట్టుకొస్తానని అన్నకి మాటిచ్చింది వీడే."

"ఎక్కడున్నాడిప్పుడు?" అంది డిటెక్టివ్.

దూరంగా మెట్ల మీద బూట్ల చప్పుడు, తరవాత దగ్గరగా తాళంచెవుల గుత్తి గలగల ఫోనులోంచి స్పష్టంగా వినిపించాయి.

"ఇంటి ఓనరుని వెంటబెట్టుకొచ్చాడు," అంది నర్సు. "పోలీసులు కదా అని ఆయన బయటినుంచి తాళం తీస్తున్నాడక్కా."